క్యాంపు కాదు, ఇల్లు

మా వదిన ఫెర్నాండ్‌కు కోపం తెప్పించడం అంత తేలిక కాదు. మా అన్నయ్య క్లోవిస్‌తో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి, ఆమె ఓర్పు ఎంతటిదో చెప్పడానికి ఆ ఒక్కటి చాలు. కానీ బిర్చ్ సరస్సు ఒడ్డున వాళ్ళ నాన్న కట్టిన దుంగల ఇంటిని ఎవరైనా చులకన చేశారా, అంతే సంగతులు. ఆ కోపమే ఆమె కొంప ముంచింది. ఆమెకు ఒక శీతాకాలపు సుఖం ఇచ్చింది కూడా ఆ కోపమే.

అమెరికాలో ఈశాన్య మూలన ఉన్న మా మెయిన్ రాష్ట్రంలో అలాంటి ఇళ్ళను క్యాంపు అంటాం. వేసవిలో వెళ్తాం, చేపలు పడతాం, దోమల చేత కుట్టించుకుంటాం. అక్టోబరు రాగానే గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేసి, తాళం వేసి, ఊళ్ళోకి వచ్చేస్తాం. నీళ్ళు ఉంచితే చలికి గొట్టాలు పగిలిపోతాయి. అందరికీ అదే ఆనవాయితీ. మా వదినకు మాత్రం ఆ తాళం వేసే రోజు ఇంట్లో ఎవరో పోయినట్టే ఉండేది. కారెక్కాక వెనక్కి తిరిగి చూసేది కాదు.

"మళ్ళీ వేసవికి వస్తాంగా, ఆ మొహం ఏమిటే" అనేవాడు అన్నయ్య.

"నీకేం తెలుసయ్యా. ఈ సరస్సు పాడేది మనం వెళ్ళిపోయాకే" అనేది ఆమె.

చిన్నప్పుడు వదినవాళ్ళు ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్ళు. నాన్న అడవిలో చెట్లు కొట్టేవాడు. కొత్త మంచు పరుచుకునేటప్పుడు సరస్సు మూలుగుతుందట, ఉరుముతుందట, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఆ చప్పుడు పరుగెత్తుతుందట. తర్వాత నాన్నకు మా సెయింట్ ఆంబ్రోజ్ కాగితం మిల్లులో పని దొరికింది, సంసారం ఊళ్ళోకి వచ్చేసింది. ఆ చప్పుడు ఆమె మళ్ళీ వినలేదు. పెళ్ళి, పిల్లలు, తనకూ అదే మిల్లులో ఉద్యోగం. రిటైరయ్యాక అక్కడికే పోయి ఉంటాను, సరస్సు గడ్డకట్టడం చూస్తాను, వసంతంలో కరగడమూ చూస్తాను అని ఎన్నిసార్లు అందో. మా ఊళ్ళో ముసలివాళ్ళంతా చలి పడలేక ఫ్లోరిడా పోవాలంటారు. మా వదినకు ఇంకాస్త చలి కావాలి. పుర్రెకో బుద్ధి.

మిల్లులో ఆమెది కళ్ళతో చేసే పని. తెల్ల కాగితాలు ముందు నుంచి జారిపోతుంటే మచ్చ ఉన్న కాగితాన్ని పట్టి పక్కన పడేయాలి. ఫెర్నాండ్ కళ్ళు కప్పి దుమ్ము రేణువు కూడా పోలేదని మేస్త్రీలు చెప్పుకునేవాళ్ళు. రిటైరైన కొన్నాళ్ళకు మచ్చ ఆమె కంట్లోకే వచ్చి కూర్చుంది, కుడికంటి నట్టనడుమ. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనబడాల్సిన చోట బూడిదరంగు. ఊళ్ళోని కంటి డాక్టరు పాల్ మిషో రెండు నెలలకోసారి ఆ కంట్లోకి సూదిమందు ఎక్కిస్తాడు. వేయించుకున్నంత కాలం ఉన్న చూపు నిలుస్తుంది, మానేస్తే అదీ పోతుంది. ఆ మందు ఖరీదు వింటే మంచి కళ్ళు కూడా తిరుగుతాయి.

మిల్లు బాగున్న రోజుల్లో ఇదొక సమస్యే కాదు. అందరికీ ఒకటే ఇన్సూరెన్స్ కార్డు, ఏ డాక్టరు దగ్గర చూపించినా చెల్లేది. తర్వాత మిల్లు చేతులు మారింది. కొత్త యజమానులు ఏరు దాటాక తెప్ప తగలేశారు. రిటైరైన వాళ్ళ ఇన్సూరెన్స్ ఎత్తేసి, ఏడాదికి ఇంతని మీ పేర డబ్బు వేస్తాం, మేం చెప్పిన, ఇన్సూరెన్స్ ప్లాన్లు అమ్మే ప్రైవేటు ఎక్స్చేంజికి ఫోను చేసి మీకు నచ్చిన ప్లాను మీరే కొనుక్కోండి అన్నారు. బయట కొంటే ఆ డబ్బు రాదు. దీనికి వాళ్ళు పెట్టిన పేరు స్వేచ్ఛ. మేం పెట్టిన పేరు సంత. సంతలో గుర్రాన్ని కొంటే పళ్ళయినా చూసి కొనొచ్చు. ఇక్కడ అవతలివాళ్ళు ఫోనులో చదివింది విని ఊ కొట్టడమే.

ఆ సంతలో బేరం చేయడం మేం దెబ్బలు తిని నేర్చుకున్నాం. నెలనెలా కట్టేది తక్కువని మురిసిపోకూడదు, జబ్బుపడ్డ రోజున ముందు మన జేబులోంచి ఎంత పెట్టుకోవాలో అడగాలి. అదీ తక్కువేనంటే అప్పుడూ మురిసిపోకూడదు, మన డాక్టరు వాళ్ళ జాబితాలో ఉన్నాడో లేడో అడగాలి. ఇవన్నీ మనం అడిగేవి. వాళ్ళు మొదట అడిగేది జిప్ కోడ్, ఉత్తరం మీద ఊరిపేరు పక్కన వేసే అంకెలు. ఏ జిల్లాలో కాపురం ఉంటే ఆ జిల్లా ప్లాన్లే మనకు. సరస్సు మా ఊరికి కారులో గంటన్నర దూరం, కానీ జిల్లా వేరు. ఆ జిల్లా ప్లాన్లు వేటిలోనూ డాక్టర్ మిషో పేరు లేదు. మా వదినకు సరస్సుకు మధ్య అడ్డం నిలబడింది ఇదే, చలి కాదు, మా అన్నయ్యా కాదు.

ఆకులు రాలే కాలంలో సంత తెరుస్తారు. వదిన నా వంటింట్లోంచి ఫోను చేసేది. నా ఫోను గట్టిగా వినబడుతుంది, పైగా శనివారం పొయ్యి మీద బీన్స్ ఉడుకుతుంటాయి, వాళ్ళిద్దరి భోజనం నా దగ్గరే. ఊళ్ళో ప్లాను సంగతి తేలిపోయాక, పెట్టేయబోయే మనిషిని పట్టుకుని, "నాయనా, ఇంకొక్క జిప్ కోడ్ చూసిపెడతావా" అనేది. సరస్సు అంకెలు చెప్పేది. అవతలి మనిషి ప్లాన్లు చదివేవాడు. ఈమె కళ్ళు మూసుకుని, అక్కడే ఉంటున్నట్టు వినేది.

"డాక్టర్ మిషో ఉన్నాడా అందులో?"

"లేరండి."

"సరే నాయనా. వచ్చే ఏడు చూద్దాం."

నాకు ఒళ్ళు మండేది. "ఎందుకు వదినా, పుండు మీద కారం నువ్వే చల్లుకుంటావు?"

"వినడానికి వాళ్ళేం డబ్బులు తీసుకోరుగా రీటా" అనేది. ఆ పూట బీన్స్ సగం కంచంలోనే వదిలేసేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. కిందటేడు అక్టోబరులో ఫోను ఎత్తింది కొత్త పిల్ల, పేరు మారిసెలా. ఎక్కడో ఎడారి రాష్ట్రం నుంచి మాట్లాడుతోంది. వదిన మామూలుగా సరస్సు అంకెలు చెప్పింది. అవతల టైపు చేస్తున్న చప్పుడు.

"ఈ జిల్లాకి ఈ ఏడు కొత్త ప్లాను ఒకటి వచ్చిందమ్మా. నెలకి మీరు కట్టేది ఏమీ లేదు."

"అది సరేలే తల్లీ. డాక్టర్ మిషో ఉన్నాడా?"

"ఒక్క నిమిషం... మిషో, మిషో. ఆ, ఉన్నారమ్మా. డాక్టర్ పి. మిషో, సెయింట్ ఆంబ్రోజ్."

వదిన టేబులు అంచు పట్టుకుంది. "మళ్ళీ చెప్పమ్మా."

"పి. మిషో, సెయింట్ ఆంబ్రోజ్. జాబితాలో ఉన్నారు. అయితే ఈ ప్లాను కావాలంటే మీరు ఆ జిల్లాలో కాపురం ఉండాలి. ఈ అడ్రసు మీదేనా?"

"అది మా క్యాంపు" అంది వదిన, నోటి అలవాటు కొద్దీ.

"క్యాంపంటే... టెంటా అమ్మా? టెంటు అయితే శాశ్వత చిరునామా కింద రాయడానికి కుదరదు."

వదిన ముఖం ఎర్రబడింది. అంత కోపం ఆమెలో నేను మిల్లు సమ్మె రోజుల్లో తప్ప చూడలేదు.

"టెంటేమిటమ్మా, టెంటు? మా నాన్న తన చేత్తో దేవదారు దుంగలు చెక్కి కట్టాడు. ఇనప పొయ్యి ఉంది, బావి ఉంది, అటక మీద గది ఉంది. మా అమ్మ నా తమ్ముణ్ణి ఆ గదిలోనే కన్నది. క్యాంపు కాదు, ఇల్లు. నా ఇల్లు అదే."

"సారీ అమ్మా. అయితే ఇల్లే అని రాస్తాను. మీరు అక్కడే ఉంటున్నారా?"

వదిన నా వంక చూసింది. ఆ చూపులో భయం లేదు. చర్చిలో పెళ్ళినాడు ఫాదర్ అడిగినప్పుడు కూడా ఇలాగే చూసింది, అప్పుడు కూడా నేనే పక్కనున్నాను.

"ఈ నెలాఖరుకి వెళ్ళిపోతున్నాం. ఇక అక్కడే ఉంటాం."

"ఇది రికార్డవుతోందమ్మా. మరోసారి స్పష్టంగా చెప్తారా?"

చెప్పింది. నా వంటింట్లో అంత స్పష్టంగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

ఆమె ఫోను పెట్టాక నేను నోరు తెరిచాను. "వదినా, అన్నయ్యని ఒక మాట అడగొద్దూ?"

"ఆయన్ని అడిగేదేముంది? పెళ్ళికి ముందే చెప్పాను" అంది, బీన్స్ రెండోసారి వడ్డించుకుంటూ.

అన్నయ్య మొదట గొణిగాడు. నెలకి సున్నా అంటే ఎక్కడో మెలిక ఉంటుందన్నాడు. తర్వాత ఊళ్ళో ప్లాను ధర ఈ ఏడు ఎంత పెరిగిందో చూసి, "సరే, గుడ్డి కన్నా మెల్ల నయం" అన్నాడు.

"నా ముందేనా ఆ సామెత?" అంది వదిన.

అన్నయ్య నాలుక కరుచుకున్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. తనకు తుమ్ములు తప్ప రోగం లేదు కదా అని ఆయనా అదే ప్లానులో చేరిపోయాడు. ఆ నవంబరంతా, చలంటే గిట్టని మనిషి, ఇంటి అడుగున పాకుతూ గొట్టాలకు దుప్పట్లు చుట్టాడు, కట్టెలు గోడెత్తు పేర్చాడు. పెళ్ళాం మీద ప్రేమ ఉందని మా అన్నయ్య నోటితో అనగా నేను ఎన్నడూ వినలేదు. దుప్పట్లు మాత్రం నా ఇంట్లోంచి కూడా పట్టుకుపోయాడు.

వాళ్ళు వెళ్ళాక నేను శనివారం బీన్స్ కుండ ఎక్కించడం మానేశాను. ఒక్కదాని కోసం ఎవరు వండుతారు? వదిన సంతోషంగా ఉందని తెలుసు, అయినా ఆమె మీద నాకు కోపం వచ్చేది. వీధి చివర వాళ్ళ కిటికీలో దీపం లేకపోతే నాకు తోచేది కాదు.

డిసెంబరులో ఒక పొద్దున ఫోను మోగింది. ఎత్తితే మాట లేదు.

"వదినా? ఏమైంది?"

"మాట్లాడకు. విను."

ఫోను కిటికీ బయట పెట్టినట్టుంది. గాలి హోరు తప్ప ఏమీ లేదు. పెట్టేద్దామనుకుంటుండగా వచ్చింది. భూమి అడుగున ఎవరో పెద్ద గొలుసు ఈడ్చుకుపోతున్నట్టు, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా, మళ్ళీ దూరంగా.

"విన్నావా?" అంది వదిన. ఏడుస్తోంది.

"విన్నాను."

"అదే రీటా. అలాగే ఉంది. కొంచెం కూడా మారలేదు. ఇంక కరిగేది కూడా చూస్తే చాలు నాకు."

సరస్సు కరిగేది ఏప్రిల్ ఆఖరున. ఏ రోజు కరుగుతుందని మా వైపు పందేలు కూడా కాస్తారు. ఆమె ఆ పందెం కాగితం మీద తన పేరు అప్పుడే రాయించేసిందట. ఎప్పుడూ ఊళ్ళో కూర్చుని ఊహించి రాసేది, ఈసారి ఒడ్డున కూర్చుని చూసి గెలుస్తానంది.

కొత్త కార్డు జనవరి నుంచి కాబట్టి డిసెంబరు సూదికి పాత కార్డు ఉంది, ఏ గొడవా లేదు. ఫిబ్రవరి సూదికి కొత్త కార్డుతో వచ్చింది. కంట్లో సూది పడ్డాక కారు నడపలేదు కాబట్టి నేను తోడు వెళ్ళాను. అన్నయ్య కట్టెలు కొనడానికి వెళ్ళాడు. ముందు బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి కార్డు అటూ ఇటూ తిప్పింది.

"ఇది మా దగ్గర చెల్లదండి."

"చెల్లుతుందమ్మా. జాబితాలో మీ డాక్టరు ఉన్నాడు. పి. మిషో, సెయింట్ ఆంబ్రోజ్. మేం ఇద్దరం విన్నాం" అన్నాను నేను.

ఆ అమ్మాయి కంప్యూటరులో చూసింది. పెదవి కొరుక్కుంది. "ఈ పి. మిషో మా పాల్ మిషో గారు కాదండి. పక్క వీధిలో పోలీన్ మిషో గారు ఉన్నారు కదా..."

"కాళ్ళ డాక్టరమ్మా?" అన్నాను.

"అవునండి. కాళ్ళ డాక్టరే."

మా లోయలో రాయి విసిరితే మిషోకే తగులుతుంది. మా చర్చిలో మిషోలు, నా రెండో పెదనాన్న అల్లుడు మిషో, మా అన్నయ్యతో చేపలకు వెళ్ళే ముగ్గురిలో ఇద్దరు మిషోలు. ఎడారిలో కూర్చున్న పిల్లకు అది ఎలా తెలుస్తుంది? మాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. కానీ ఆ రోజు నా వంటింట్లో మాకు కావలసిన మిషో ఒక్కడే ఉన్నాడు, ఇంకొకరు ఉంటారని తోచనే లేదు.

వదిన మొదట నవ్వింది. "పోనీలే, ఆనెలైనా తీయించుకుంటాను" అంది. ఆ అమ్మాయి కూడా నవ్వబోయింది. అంతలో వదిన కుర్చీ కోసం చేత్తో వెనక్కి తడుముకుంది, నేను పట్టుకుని కూర్చోబెట్టాను.

డాక్టర్ పాల్ మిషో బయటికి వచ్చి మాట్లాడాడు. మంచివాడే. ఈ సూది ఆపడానికి వీల్లేదన్నాడు. ఆ పూటకి ఖర్చంతా మేమే పెట్టుకున్నాం, అన్నయ్య పడవ మోటారు అమ్మేశాడు. ప్రతిసారీ అమ్మడానికి ఆయనకు ఎన్ని మోటార్లు ఉన్నాయి?

మార్చి ఆఖరులోగా ప్లాను ఒకసారి మార్చుకునే వీలుంది. కానీ డాక్టర్ మిషో ఉన్న ప్లాను మా జిల్లాది. అది కావాలంటే కాపురం మా జిల్లాలో ఉండాలి. నేను ఊరుకోలేదు.

"ఊళ్ళో ఉంటున్నానని చెప్పెయ్ వదినా. చెప్పి, సరస్సు దగ్గరే ఉండు. ఎవడొచ్చి తొంగిచూస్తాడు?"

"తెలిసిందంటే ఉన్న ప్లానూ పీకేస్తారు, అప్పుడు కన్నూ పోతుంది" అంది. "అయినా అది కాదు రీటా. ఆ రోజు రికార్డులో అది నా ఇల్లని నిజం చెప్పాను. ఇప్పుడు అక్కడ దాక్కుని ఉండమంటావా? మా నాన్న ఇంట్లో నేను దొంగలా ఉండాలా?"

మార్చిలో వాళ్ళు వచ్చేశారు. సరస్సు ఇంకా తెల్లగా, గట్టిగా ఉంది, దాని మీద కార్లు కూడా నడుస్తున్నాయి. అన్నయ్య గొట్టాల్లో నీళ్ళు ఖాళీ చేశాడు, నా దుప్పట్లు నాకు తెచ్చి ఇచ్చాడు. దారిలో వదిన ఈసారి వెనక్కి తిరిగి చూసిందట. కారు వెనక అద్దంలోంచి సరస్సు పూర్తిగా మరుగయ్యేదాకా చూస్తూనే ఉందని అన్నయ్య చెప్పాడు. మచ్చ లేని ఎడమకన్నుతో చూసింది అన్నాడు. అలా చెప్తూ నా వైపు చూడలేకపోయాడు.

శనివారం నేను బీన్స్ కుండ ఎక్కించాను. వాళ్ళు తిరిగొచ్చారన్న సంతోషం ఎంత దాచినా దాగలేదు, అందుకు నామీద నాకే చిరాకు వేసింది. వదిన ఎప్పటి కుర్చీలోనే కూర్చుని సంతకి ఫోను చేసింది. ఈసారి ఎవరో మగగొంతు, మర్యాదగానే మాట్లాడాడు. ప్లాను పేరు చెప్పింది. డాక్టరు పేరు చెప్పింది, "పాల్, పి-ఎ-యు-ఎల్, కళ్ళ డాక్టరు, కాళ్ళు కాదు" అని రెండుసార్లు చెప్పింది. ఉన్నాడన్నాడు. ఊళ్ళో అడ్రసు రాసుకున్నాడు.

"మేడమ్, ఇక్కడ ఒక చిక్కుంది. అక్టోబరు రికార్డులో ఆ సరస్సు దగ్గరదే మీ ఇల్లని మీరు చెప్పినట్టుంది. అది మీ ఇల్లు కాదని మీ నోటితో ఒకసారి చెప్పాలి."

పొయ్యి మీద కుండ మూత ఎగిరెగిరి పడుతోంది. గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ అన్నయ్య ముందుకొచ్చాడు.

"ఇటివ్వవే. నేను చెప్తాను."

"నీ మాట చెల్లదయ్యా" అంది ఆమె నెమ్మదిగా. "నేనన్న మాట నేనే వెనక్కి తీసుకోవాలి."

ఫోను దగ్గరికి వంగింది. "అది నా ఇల్లు కాదు."

"థాంక్యూ మేడమ్. మరి అదేమిటని రాయమంటారు?"

"క్యాంపు."

"క్యాంపు అంటే... టెంటు లాంటిదాండీ?"

నేను ఫోను లాక్కోబోయాను. వాణ్ణి నాలుగు మాటలు అనేద్దామనే లేచాను. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది. ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను, ఎక్కడా లేదు.

"అవును నాయనా" అంది. "టెంటే అని రాసుకో."

ఇంకేమైనా కావాలా అని అడిగాడతను. ఏమీ వద్దంది. ఆ రోజు ఆమె ఇంకొక్క జిప్ కోడ్ చూసిపెట్టమని అడగలేదు.